ఒంటిగంటకు నిద్ర లేపే మోకాలి సలుపు

ప్రశ్న: నా వయసు 66. ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేశాను. మధుమేహం, రక్తపోటు ఉన్నాయి. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టన్ వాడుతున్నాను. ఎడమ మోకీలు మార్పిడి జరిగి ఇప్పుడు నాలుగో వారం. పగలు వాకర్‌తో ఇంట్లో తిరుగుతున్నాను, పరామర్శకు వచ్చినవాళ్లతో కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నాను. రాత్రి తొమ్మిదిన్నరకు పడుకుంటే ఒంటిగంటకల్లా సలుపుతో మెలకువ వస్తుంది. ఆ తరువాత తెల్లవారేదాకా నిద్ర ఉండదు. అందుకని మధ్యాహ్నం భోజనం కాగానే రెండు గంటలు పడుకుంటున్నాను. పారాసెటమాల్ 650 మూడుపూటలా వేసుకోమన్నారు గానీ పగలు నొప్పి అంతగా లేదని ఉదయం ఒకటి, రాత్రి ఏడున్నరకు భోజనం తరువాత ఒకటి వేసుకుంటున్నాను. ట్రామడాల్ కలిసిన మాత్ర వికారం పుట్టిస్తున్నందున ఓర్చుకోలేనప్పుడే వేసుకుంటున్నాను. మోకాలి కింద దిండు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, ఫిజియోథెరపిస్టు మాత్రం వద్దంటున్నారు. మా ఆడపడుచు అర ఆల్‌ప్రాజోలం మాత్ర ఇస్తే ఒక రాత్రి చక్కగా నిద్రపట్టింది; రోజూ వేసుకోవచ్చా? నువ్వుల నూనె రాసి కాపడం పెట్టుకోమని ఇంట్లో పెద్దవాళ్లు చెబుతున్నారు. ఆకలి లేక రాత్రిపూట రెండు ఇడ్లీలతో సరిపెట్టుకుంటున్నాను. అసలు ఈ ఆపరేషన్ చేయించుకుని తప్పు చేశానేమోనని బెంగగా ఉంది.
— ఒక పాఠకురాలు, బాపట్ల

సమాధానం: అమ్మా, మీ ఉత్తరాన్ని ఒకటికి రెండుసార్లు చదివాను. మీరు పడుతున్న ఇబ్బంది మోకీలు మార్పిడి చేయించుకున్న వారిలో చాలామందికి మొదటి ఆరు వారాలలో ఎదురయ్యేదే. కొందరికి మూడు నెలల దాకా కూడా నిద్ర పూర్తిగా కుదుటపడదు. అలాగని ఓర్చుకుని ఊరుకోవలసిన పని లేదు. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే, మీ రాత్రి నొప్పికి కారణాలు చాలావరకు మీ పగటి దినచర్యలోనే ఉన్నాయి కాబట్టి, వాటిని సరిదిద్దుకోవడం కూడా మీ చేతిలోనే ఉంది.

ముందుగా కాలి లోపల ఏం జరిగిందో తెలుసుకుంటే నొప్పి గురించిన భయం కొంత తగ్గుతుంది. తొడ ఎముక కింది చివరను, కాలి ఎముక పై చివరను కొన్ని మిల్లీమీటర్ల మందాన కోసి, వాటి స్థానంలో లోహపు భాగాలను, నడుమ గట్టి ప్లాస్టిక్ పలకను అమరుస్తారు. చర్మం మీద కుట్లు రెండు వారాలలో మానినా, కోసిన ఎముక, కదిలించిన కండరాలు, కీలు చుట్టూ ఉండే పొర మానడానికి నెలలు పడుతుంది. ఆపరేషన్ సమయంలో రక్తం కారకుండా తొడకు గట్టి పట్టీ బిగిస్తే, మోకాలికి చేసిన ఆపరేషన్‌కు తొడ ఎందుకు నొస్తోందని రోగి కంగారు పడటమూ సహజమే. పగలు నలుగురితో మాట్లాడుతూ, అటూ ఇటూ తిరుగుతూ ఉన్నప్పుడు మనసు నొప్పి మీద నిలవదు. రాత్రి ఆ వ్యాపకం ఉండదు. వాపును అదుపులో ఉంచే కార్టిసాల్ అనే హార్మోను అర్ధరాత్రి వేళకు శరీరంలో బాగా తక్కువ స్థాయిలో ఉంటుంది. చాలాసేపు కదలకుండా పడుకోవడంతో కీలు బిగుసుకుంటుంది. వీటికి తోడు, మీ విషయంలో మందు వేళ కూడా తప్పింది.

పారాసెటమాల్ ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. మీరు ఏడున్నరకు వేసుకున్న మాత్ర పని ఎప్పటికి ముగుస్తుందో లెక్క వేసి చూడండి: సరిగ్గా మీకు మెలకువ వచ్చే వేళకే. మధ్యాహ్నపు మాత్ర మానేసినందువల్ల సాయంత్రానికి నొప్పి అప్పటికే కొంత పేరుకుని ఉంటుంది, దాని మీద వేసుకున్న ఒక్క మాత్ర చాలదు. నొప్పి ముదిరిన తరువాత తగ్గించడం కంటే ముదరకుండా చూడటం తేలిక కాబట్టి, డాక్టరు రాసిన మూడు మాత్రలనూ నొప్పి ఉన్నా లేకపోయినా వేళ తప్పకుండా వేసుకోండి. ఉదయం ఆరుకు, మధ్యాహ్నం రెండుకు, రాత్రి పదికి వేసుకుంటే మూడో మాత్ర మీ నిద్రకు అండగా ఉంటుంది. పారాసెటమాల్‌కు భోజనంతో ముడి లేదు. తిన్న వెంటనే వేసుకోవాలన్న అలవాటు వల్లనే చాలామంది రాత్రి మాత్రను వేళకు ముందే వేసుకుని, నడిరేయి అది పనిచేయడం లేదని బాధపడుతుంటారు. ఫిజియోథెరపిస్టు వచ్చే వేళ ఖాయంగా తెలిస్తే, ఒక మాత్ర దానికి ముప్పావు గంట ముందు పడేలా వేళలను కొంచెం జరుపుకోవచ్చు. అయితే మాత్రకూ మాత్రకూ మధ్య ఆరు గంటలైనా ఉండాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త చాలా ముఖ్యం. ట్రామడాల్ కలిసిన మాత్ర అని మీరు రాసినదానిలో సాధారణంగా పారాసెటమాల్ కూడా 325 మిల్లీగ్రాములు ఉంటుంది. అసిక్లోఫెనాక్‌తో కలిపి అమ్మే నొప్పి మాత్రలలోనూ, జలుబు మాత్రలలో చాలావాటిలోనూ అదే ఉంటుంది. అన్నీ కలిపి చూసినప్పుడు మీ వయసులో రోజుకు 3 గ్రాములు, అంటే 3,000 మిల్లీగ్రాములు మించకూడదు. కాలేయ వ్యాధి ఉన్నవారికి ఆ పరిమితి ఇంకా తక్కువ. ప్రతి మాత్ర అట్ట వెనుక ఉండే చిన్న అక్షరాలను ఇంట్లో ఎవరిచేతనైనా చదివించి, దేనిలో ఎంత ఉందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

ట్రామడాల్ వల్ల వికారం రావడం చాలా మామూలు విషయం. ఖాళీ కడుపున వేసుకుంటే అది మరింత ఎక్కువగా ఉంటుంది. మీకు మీరే మానేసి, ఓర్చుకోలేని స్థితికి వచ్చాక వేసుకోవడం కంటే, శస్త్రచికిత్స చేసిన డాక్టరుకు ఫోన్ చేసి వికారం సంగతి చెప్పండి. మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో, కొన్నాళ్లు రాత్రికి మాత్రమే పరిమితం చేయడమో ఆయన నిర్ణయిస్తారు. ఈ మందు మలబద్ధకాన్ని కూడా తెస్తుంది. అందువల్ల దీన్ని వాడే రోజుల్లో నీళ్లు, కూరగాయలు, అవసరమైతే ఇసబ్‌గోల్ తప్పనిసరిగా తీసుకోండి. మాత్ర చాలడం లేదని మందుల షాపులో ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి మాత్రం కొనకండి. మధుమేహం ఉండి, టెల్మిసార్టన్ వాడుతున్న మీకు అవి మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు, రక్తపోటును పెంచవచ్చు. కాలిలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్ర ఇంకా వాడుతుంటే కడుపులో రక్తస్రావం కలిగించే ప్రమాదం కూడా ఉంది. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూసి డాక్టరు రాస్తే అది వేరే విషయం.

ఆల్‌ప్రాజోలం రోజూ వేసుకోవచ్చా అని అడిగారు. వద్దు. ఒక్క రాత్రి అర మాత్ర వేసుకున్నందుకు భయపడవలసిందేమీ లేదు, కానీ మళ్లీ వేసుకోకండి. అది నొప్పిని తగ్గించదు. మత్తులో నొప్పి తెలియకుండా చేస్తుంది, అంతే. రాత్రి రెండు గంటలకు మూత్రానికి లేచినప్పుడు ఆ మత్తులో తూలి పడితే, కొత్త కీలు అమర్చిన ఎముక విరిగే ప్రమాదం ఉంది, అప్పుడు చేయవలసిన ఆపరేషన్ మొదటిదానికంటే చాలా కష్టమైనది. ట్రామడాల్‌తో కలిసినప్పుడు ఈ మాత్ర శ్వాసను మందగింపజేస్తుంది; గట్టిగా గురక పెట్టేవారికి, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేవారికి ఇది ప్రాణాపాయం. కొన్ని వారాలలోనే అది లేకుండా నిద్రపట్టని స్థితి వస్తుంది. మీ ఆడపడుచుగారు ప్రేమతోనే ఇచ్చి ఉంటారు, కానీ ఒకరికి రాసిన నిద్రమాత్ర ఇంకొకరికి ఇవ్వకూడదని ఆమెకు కూడా చెప్పండి. ఆమె దాన్ని రోజూ వాడుతున్నట్లయితే ఉన్నట్టుండి మానకుండా, తన డాక్టరు సలహాతో మెల్లగా తగ్గించుకోవాలని కూడా చెప్పండి, ఎందుకంటే హఠాత్తుగా మానడం వల్ల మూర్ఛ వచ్చే అవకాశం ఉంది.

దిండు విషయంలో మీ ఫిజియోథెరపిస్టు చెప్పినదే సరైనది. అయితే వద్దని మాత్రమే చెప్పి, ఎందుకు వద్దో, దాని బదులు ఏం చేయాలో చెప్పకపోతే ఏ రోగీ వినలేరు. వాపు ఉన్న కీలులో ద్రవం నిండి ఉంటుంది; మోకాలు దాదాపు 30 డిగ్రీలు వంగినప్పుడు ఆ కీలు లోపల ఖాళీ ఎక్కువై, ఒత్తిడి తగ్గుతుంది. మోకాలి కింద దిండు పెట్టగానే మీకు హాయిగా అనిపించడానికి కారణం అదే, అది మీ భ్రమ కాదు. కానీ ఇప్పుడు కీలు చుట్టూ కొత్త పొరలు మానుతున్న కాలం. రోజుకు ఏడెనిమిది గంటలు అదే వంపులో ఉంచితే వెనుకవైపు పొర ఆ కొలతకే కుదించుకుని మానుతుంది, ఆ తరువాత కాలు పూర్తిగా చాచడం సాధ్యం కాదు. కాలు చాపడంలో 10 డిగ్రీలు లోపించినా నడకలో కుంటు వస్తుంది, నిలబడినంతసేపూ తొడ కండరం పని చేస్తూనే ఉండవలసి వస్తుంది, ఆ భారం రెండో మోకాలి మీద, నడుము మీద పడుతుంది. మోకాలు వంగడం లేదని అందరూ దిగులు పడతారు గానీ, మొదటి వారాలలో పూర్తిగా చాచగలగడం కూడా అంతే ముఖ్యమని, పోగొట్టుకుంటే తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టమని మీరు గుర్తుంచుకోవాలి.

దిండు పూర్తిగా మానవలసిన అవసరం లేదు, చోటు మారిస్తే చాలు. వెల్లకిలా పడుకున్నప్పుడు దిండును పొడవుగా పిక్క కింద పెట్టి, మోకాలి వెనుక భాగం ఖాళీగా ఉండేలా, మడమ దిండు అంచు దాటి గాలిలో ఉండేలా అమర్చుకోండి. మధుమేహం ఉన్నవారికి రాత్రంతా మడమ పరుపుకు ఒత్తుకుంటే అక్కడ పుండు పడే అవకాశం ఉంటుంది కనుక ఈ చివరి మాట ప్రత్యేకంగా మీ కోసం చెబుతున్నాను. ఇలా ఎక్కువసేపు ఉండలేకపోతే కుడివైపు తిరిగి పడుకోండి. రెండు కాళ్ల మధ్య తొడల నుంచి చీలమండల దాకా ఆనేలా ఒక పొడవైన దిండు గానీ బాలీసు గానీ పెట్టుకుంటే ఆపరేషన్ చేసిన కాలు కిందికి జారి మెలిపడదు. పక్కకు తిరిగినప్పుడు మోకాలు కొంచెం వంగినా నష్టం లేదు, ఎందుకంటే గంటల తరబడి ఒకే వంపులో కదలకుండా ఉండదు. పక్కకు తిరగకూడదని మీకు ఎవరైనా చెప్పి ఉంటే, ఆ కట్టుబాటు ఎక్కువగా తుంటి కీలు మార్చినవారికి వర్తిస్తుంది. మీ డాక్టరు ప్రత్యేకంగా వద్దని ఉంటే తప్ప మీరు తిరగవచ్చు. ఎడమ కాలి మీద ఒత్తిగిలడానికి నొప్పి ఒప్పుకునేదాకా కొన్ని వారాలు ఆగండి. పగలు రోజుకు మూడు నాలుగుసార్లు, చుట్టిన తువ్వాలును మడమ కింద పెట్టి, మోకాలిని దాని బరువుతోనే కిందికి దిగనిస్తూ పది నిమిషాల చొప్పున పడుకోవడం కూడా అలవాటు చేసుకోండి.

పరామర్శకు వచ్చినవాళ్లతో కుర్చీలో కూర్చుంటున్నానని రాశారు. వాళ్ల అభిమానాన్ని కాదనలేం గానీ, సాయంత్రమంతా కాలు కిందికి వేలాడదీసి కూర్చుంటే దిగిన నీరంతా మోకాలిలో, పాదంలో చేరుతుంది, రాత్రి సలుపులో పెద్ద భాగం ఆ వాపుదే. ఒక్కసారికి అరగంట మించి అలా కూర్చోకండి. ఆ తరువాత లేచి నాలుగడుగులు వేయడమో, మంచం మీద పడుకుని కాలిని గుండె ఎత్తు కంటే పైకి ఉండేలా దిండ్ల మీద పెట్టుకోవడమో చేయండి. వచ్చినవాళ్లు మంచం పక్కన కూర్చుని మాట్లాడితే మర్యాదకు లోటేమీ రాదు. పాదాన్ని పైకీ కిందికీ ఆడించే వ్యాయామం గంటకొకసారి ఇరవై మార్లు చేయండి, అది వాపునూ తగ్గిస్తుంది, రక్తం గడ్డకట్టకుండానూ కాపాడుతుంది. ఫిజియోథెరపీలోని కఠినమైన వంపు వ్యాయామాలు సాయంత్రం ఐదు లోపు ముగిస్తే మంచిది.

చల్లదనం మోకాళ్లకు పడదని మన ఇళ్లలో బలమైన నమ్మకం ఉంది. పాత కీళ్లవాతానికి వెచ్చదనం హాయినిచ్చే మాట నిజమే కానీ, ఇప్పుడు మీ మోకాలిలో ఉన్నది ఆపరేషన్ వల్ల వచ్చిన వాపు. దానికి వేడి తగిలితే రక్తప్రసరణ పెరిగి వాపు ఎక్కువవుతుంది. పైగా కోత పక్కన, ముఖ్యంగా మోకాలి బయటివైపు చర్మం మొద్దుబారి ఉంటుంది, ఎందుకంటే అక్కడి చిన్న నరం కొమ్మలు కోతలో తెగుతాయి. ఆ చోట కాపడం పెడితే కాలినా తెలియదు. పిక్కను నూనెతో గట్టిగా మర్దన చేయడం ఇంకా ప్రమాదకరం, లోపలి సిరలో రక్తపు గడ్డ ఉంటే అది కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. కాబట్టి నూనె, కాపడం రెండూ ఇప్పుడు వద్దు. కోత పూర్తిగా మానిన తరువాత మచ్చ మీద మెల్లగా ఎలా రాసుకోవాలో ఫిజియోథెరపిస్టు నేర్పుతారు. ఇప్పుడు చేయవలసింది, చల్లని జెల్ ప్యాక్‌ను గానీ ఐసు ముక్కల సంచిని గానీ పలుచని తువ్వాలులో చుట్టి, వ్యాయామం తరువాత ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి పదిహేను నిమిషాలు మోకాలి మీద ఉంచుకోవడం. స్పర్శ తక్కువగా ఉంటుంది గనుక ఐదు నిమిషాలకొకసారి చర్మం రంగు చూసుకోండి, చల్లటి ప్యాక్ పెట్టుకుని నిద్రపోకండి.

నిద్ర సంగతికి వస్తే, మధ్యాహ్నం రెండు గంటల నిద్ర రాత్రి నిద్రలో నుంచి తీసుకుంటున్నదే. అరగంటకు అలారం పెట్టుకుని, మూడు గంటల లోపు లేవండి. కాఫీ, టీలు మధ్యాహ్నంతో ఆపేయండి. ఉదయం కాసేపు వరండాలో వెలుతురులో కూర్చోండి. రాత్రి ఎంత మేలుకున్నా తెల్లవారి లేచే వేళ మార్చకండి. కుంగిపోయే నవారు మంచం, నేల మీద పరుపు ఇప్పుడు పనికిరావు. కూర్చుంటే పాదాలు నేలకు ఆనేటట్లు, మోకాలి ఎత్తుకు కాస్త పైన ఉండే గట్టి మంచం కావాలి. మరుగుదొడ్డి దాకా చిన్న దీపం వెలుగుతూ ఉండాలి, దారిలో పట్టాలు, తివాచీలు తీసేయాలి, వాకర్ చేతికి అందేచోట ఉండాలి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన మాట, మీరు చివర్లో మామూలుగా రాసిన రెండు ఇడ్లీల మాట. తిండి తగ్గి, గ్లిమెపిరైడ్ పాత మోతాదులోనే ఉంటే రాత్రివేళ రక్తంలో చక్కెర పడిపోవచ్చు, ట్రామడాల్ కూడా కొందరిలో చక్కెరను తగ్గిస్తుంది. మెలకువ వచ్చినప్పుడు చెమట, వణుకు, గుండెదడ, ఆకలి ఉంటే అది మోకాలి నొప్పి వల్ల మాత్రమే వచ్చిన మెలకువ కాదు. ఈ రాత్రే గ్లూకోమీటర్ మంచం పక్కన పెట్టుకోండి. మెలకువ రాగానే చూసుకుని, 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసుకోండి. ఒక్కసారి అలా కనిపించినా మరునాడే మీ మధుమేహ వైద్యుడికి చెప్పాలి. చక్కెర ఎక్కువగా ఉన్నా కోత మానడం ఆలస్యమవుతుంది కాబట్టి ఆ లెక్క ఎలాగూ అవసరమే. పగటిపూట గుడ్డు, పప్పు, పెరుగు పెంచితే మానే కండరాలకు బలం వస్తుంది, ఆకలి మెల్లగా తిరిగి వస్తుంది. రాత్రి పడుకోగానే రెండు కాళ్లలోనూ జివ్వుమని లాగుతూ, కదిలిస్తే తప్ప నెమ్మదించకపోతే, ఆపరేషన్‌లో రక్తం పోయి ఇనుము తగ్గి ఉండవచ్చు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ పరీక్షలు చేయించుకోండి.

ఇవన్నీ చేసినా కొన్ని రాత్రులు మెలకువ వస్తుంది. అప్పుడు గడియారం చూస్తూ మంచం మీద దొర్లకుండా, వాకర్ పట్టుకుని గదిలో నాలుగడుగులు వేసి, చల్లని ప్యాక్ పదిహేను నిమిషాలు పెట్టుకుని తీసేసి, పాదాన్ని ఆడించి, తిరిగి పడుకోండి. డాక్టరు రాత్రికి అదనపు మాత్ర అనుమతించి ఉంటే ఓర్పు పరీక్షించుకోకుండా మొదట్లోనే వేసుకోండి.

తప్పు చేశానేమోనన్న బెంగ గురించి: నాలుగో వారంలో, నిద్ర లేని కళ్లతో ఆ తీర్పు చెప్పుకోకండి. రాత్రి నొప్పి సాధారణంగా ఆరో వారం నుంచి స్పష్టంగా తగ్గుతుంది, మూడు నెలలకు చాలామంది నిద్ర మామూలవుతుంది, వాపూ వెచ్చదనమూ మాత్రం ఆరు నెలల పైనే ఉండవచ్చు, కీలు పూర్తిగా కుదురుకోవడానికి ఏడాది పడుతుంది. పదిమందిలో ఒకరిద్దరికి ఏడాది తరువాత కూడా కొంత నొప్పి మిగులుతుందన్నది కూడా నిజమే, ఆ మాట దాచను; అలాంటప్పుడు కారణం వెతికి చికిత్స చేస్తారు. మీరు వాకర్‌తో ఇంట్లో తిరగగలుగుతున్నారంటే సరైన దారిలోనే ఉన్నారు. దిగులు రోజంతా వదలకుండా రెండు వారాలు దాటితే దాన్ని కూడా నొప్పి లాగానే డాక్టరుకు చెప్పండి.

కొన్ని లక్షణాలకు మాత్రం ఎదురుచూడకూడదు. తగ్గుతూ వస్తున్న నొప్పి ఉన్నట్టుండి పెరగడం, కోత నుంచి ద్రవం గానీ చీము గానీ కారడం, ఎర్రదనం పాకడం, 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, పిక్క గట్టిపడి నొప్పితో వాయడం, పాదం పైకి లేపలేకపోవడం కనిపిస్తే అదే రోజు శస్త్రచికిత్స చేసిన ఆసుపత్రికి వెళ్లండి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి. జ్వరం వచ్చిందని మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకోవద్దు. కీలులో ఇన్‌ఫెక్షన్ ఉంటే అది పైకి అణగి, పరీక్షలో సూక్ష్మజీవి దొరకకుండా పోతుంది, లోపల మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

ఈ పది రోజులూ మందు వేసుకున్న వేళ, మెలకువ వచ్చిన వేళ, అప్పటి చక్కెర, పగలు పడుకున్న సేపు ఒక నోటుపుస్తకంలో రాయండి, మీకు అది కొత్త పని కాదు. ఆరో వారం చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఆ పుస్తకం డాక్టరు ముందు పెట్టి, మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో, పూర్తిగా చాచడానికి ఇంకా ఎంత తక్కువుందో కొలిపించి, రాత్రి మాత్రను ఎప్పటి నుంచి తగ్గించవచ్చో అడగండి.